టార్చి ఉంది సరే, సెల్లులున్నాయా?

మన తీరానికి పెద్ద తుఫానులు ఎప్పుడెప్పుడు వచ్చాయో ఒకసారి తారీఖులు వరసగా చెప్పుకుందాం. దివిసీమను ఉప్పెన ముంచింది 1977 నవంబరు 19న. కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. విశాఖపట్నం మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తిత్లీ ఊడ్చేసింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అన్నీ అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే. వినాయకచవితి నిమజ్జనాలు అయిపోయాయంటే, చీకటి రాత్రులకు ఇంట్లో సర్దుబాటు చేసుకోవాల్సిన కాలం వచ్చేసిందన్నమాట.

గాలి ఇంకా పూర్తిగా ఊపందుకోకముందే కరెంటు పోతుంది. తీగలు తెగి పోవచ్చు, లేదా ప్రమాదాలు జరగకుండా విద్యుత్ శాఖవాళ్ళే ముందుగా ఆపేయవచ్చు. పోయింది ఎప్పుడొస్తుందనేది స్తంభాలు ఎన్ని పడ్డాయో దాన్నిబట్టి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ ఏడు దీపావళి అక్టోబరు 23న వచ్చింది. కూలిన చెట్లు వీధివీధినా ఎండి గుట్టలుగా పడి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే కష్టమని, టపాసులు కాల్చవద్దని అధికారులు చెప్పాల్సి వచ్చింది.

రేడియోలో హెచ్చరిక వినగానే మనం పాలప్యాకెట్ల కోసం పరిగెడతాం. ట్యాంకు నింపుతాం, బిందెలు నింపుతాం, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ తెచ్చి పడేస్తాం. ఇవన్నీ అయి, కిటికీ రెక్కలు టపటపా కొట్టుకోవడం మొదలెట్టాక, అప్పుడు గుర్తొస్తుంది.

"ఏమండీ, ఆ టార్చిలైటు ఎక్కడ పెట్టారు?"

"నేనెక్కడ పెట్టానే? మొన్న గేటు దగ్గర పామని మీ తమ్ముడు పట్టుకెళ్ళాడుగా."

"వాడు తెచ్చి ఇచ్చేశాడండీ. బీరువా మీద పెట్టమన్నాను."

బీరువా మీదే దొరుకుతుంది. మీట నొక్కితే వెలగదు. అరచేతికేసి రెండు దెబ్బలు కొడితే మిణుక్కుమని ఆరిపోతుంది. మూత తిప్పితే తిరగదు. గుడ్డ చుట్టి గట్టిగా తిప్పితే మూత వస్తుంది గానీ సెల్లు రాదు. ఉబ్బిపోయి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. స్ప్రింగు మీద పచ్చగా, తెల్లగా చిలుము పట్టి ఉంటుంది.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ చిలుము గురించి. ఏ టార్చి కొనాలనే సంగతి కాదు. టార్చి లేని ఇల్లు ఈ రోజుల్లో దాదాపు లేదు. కావలసిన రాత్రి వెలిగే టార్చి ఉన్న ఇళ్ళే తక్కువ.

కిళ్ళీకొట్లో దొరికే మామూలు చవక సెల్లు ఉంది చూశారూ, దాని పైరేకు ఊడదీస్తే లోపల బూడిదరంగు లోహపు డబ్బీ కనిపిస్తుంది. అది జింకు. మధ్యలో ఉండే నల్లటి పుల్ల కార్బన్ కడ్డీ. ఆ జింకు డబ్బీ ఊరికే తొడుగు కాదు, సెల్లుకు రుణధ్రువం అదే. కరెంటు ఇస్తున్నకొద్దీ ఆ జింకే కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. అంటే ఆ సెల్లు తన గోడల్ని ఖర్చుపెట్టి మనకు వెలుగిస్తుంది. గోడ పలచబడి చిల్లి పడగానే లోపలి తడి బయటికి కారుతుంది. అయిపోయిన సెల్లుని టార్చిలోనే వదిలేస్తే కారక ఏం చేస్తుంది?

ఆల్కలైన్ సెల్లు కట్టుబడి వేరు. దాని డబ్బీ ఉక్కుది, జింకు లోపల పొడిగా ఉంటుంది. ఎక్కువకాలం పనిచేస్తుంది, తొందరగా కారదు. కానీ పూర్తిగా అయిపోయాక కూడా తీయకపోతే లోపల హైడ్రోజన్ పుట్టి, ఒత్తిడి పెరిగి, సీలు తెగుతుంది. అప్పుడు బయటికొచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం. గాలి తగిలాక తెల్లటి పొడిలా గడ్డకడుతుంది. దాన్ని ఉత్త చేతుల్తో గీకి, ఆ చేతులే కళ్ళకు పెట్టుకోకండి.

ఇలా కారిన టార్చిని పారేయక్కర్లేదు. ఆల్కలైన్ సెల్లు కారితే, పుల్లకు దూది చుట్టి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి తుడవండి. కాస్త నురగ వస్తుంది, భయంలేదు. క్షారానికి పులుపు విరుగుడు. మామూలు సెల్లు కారితే సంగతి తిరగబడుతుంది, అది ఆమ్లగుణం. దానికి వంటసోడా కలిపిన నీళ్ళ తడి సరిపోతుంది. తర్వాత శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, స్ప్రింగునీ లోపలి రేకునీ చిన్న గరుకుకాగితం ముక్కతో మెరిసేదాకా రుద్దండి. టార్చి పాడైందని మనం అనుకునే చాలాసార్లు పాడయ్యేది టార్చి కాదు, ఆ రెండు రేకుల మధ్య కరెంటు దారి.

కొత్త సెల్లుతో పాతది కలిపి వేయడం మనందరికీ ఉన్న అలవాటు. మూడు సెల్లుల టార్చిలో రెండు కొత్తవి, ఒకటి పాతది వేస్తే డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది. మిగలదు. బలహీనమైన సెల్లు ముందుగా అయిపోతుంది. మిగతా రెండూ దానిలోంచి బలవంతంగా కరెంటు తోస్తూనే ఉంటాయి. దాంతో అది ఉబ్బుతుంది, కారుతుంది, పక్కనున్న మంచివాటినీ చెడగొడుతుంది. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే రకానివి మార్చాలి.

మా చిన్నతనంలో నీరసించిన సెల్లుల్ని మధ్యాహ్నం పెంకుల మీద ఎండలో పెట్టేవాళ్ళు. వేడికి లోపలి రసాయనాలు కాస్త చురుకెక్కి సాయంత్రం ఇంకో పావుగంట వెలిగేవి. అది మూఢనమ్మకం కాదు, కానీ ఆ పావుగంట కోసం సెల్లు పగిలే ప్రమాదం కొనితెచ్చుకోవడమే. పూర్తిగా అయిపోయిన సెల్లుల్ని పిల్లలు రాయితో కొట్టి, లోపలి నల్లపొడితో పలకలు రుద్దుకునేవాళ్ళు, కార్బన్ పుల్లతో గోడల మీద రాసేవాళ్ళు. ఆ పొడి ఒంటికి మంచిది కాదని అప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు చెబుతున్నాను. వాడేసిన సెల్లుల్ని పగలగొట్టకండి, పొయ్యిలో వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. మీ ఊళ్ళో అలా తీసుకునేవాళ్ళు దొరికేదాకా ఒక ప్లాస్టిక్ సీసాలో వేసి పక్కన ఉంచండి.

ఇప్పుడు సైజుల సంగతి. నా దృష్టిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ఒక మామూలు ఇంట్లో చూడండి. పాత టార్చికి పెద్ద సెల్లులు. కొత్త టార్చికి పెన్సిల్ సెల్లులు. టీవీ రిమోట్‌కి, ఏసీ రిమోట్‌కి సన్నవి. పిల్లల బొమ్మకి బొత్తాం సెల్లు. ఎవరో కానుకగా ఇచ్చిన లైటుకి బొటనవేలంత లావుండే లిథియం బ్యాటరీ. ఇన్ని రకాల్లో దేనికీ సరిపడా నిల్వ ఉండదు. అవసరమైనప్పుడు డ్రాయరు లాగితే అన్ని సైజులూ ఉంటాయి, కావలసింది తప్ప. అందుకని నా సలహా ఒకటే. అత్యవసరానికి వాడే వస్తువులన్నీ ఒకే సైజు సెల్లుతో నడిచేలా ఎంచుకోండి. నేనైతే పెన్సిల్ సెల్లు అంటాను. ఎందుకంటే గోడగడియారానికి వేసేది అదే. చిన్న ట్రాన్సిస్టర్లు చాలావరకు దానితోనే నడుస్తాయి. ఏ పల్లెటూరి కొట్లోనైనా దొరుకుతుంది.

గోడగడియారం ఇక్కడ ఇంకో మేలు కూడా చేస్తుంది. పెట్టెలో దాచిన సెల్లు ఎంత మంచిదైనా ఏళ్ళ తరబడి పడి ఉంటే చేవ తగ్గుతుంది. మామూలు సెల్లు రెండు మూడేళ్ళు నిలవుంటుంది. ఆల్కలైన్‌కు కంపెనీలు అయిదు నుంచి పదేళ్ళ దాకా రాస్తాయి. ఆ నెల, సంవత్సరం సెల్లు మీదే చిన్న అక్షరాల్లో ముద్రించి ఉంటాయి, కొనేటప్పుడే చూడండి. గడియారం ఆగినప్పుడు పెట్టెలోంచి అన్నిటికంటే పాత సెల్లు తీసి దానికి వేయండి. ఆ వారం సరుకులతోపాటు కొత్తవి తెచ్చి పెట్టెలో పెట్టండి. పాతబియ్యం ముందు వండి, కొత్తబస్తా వెనక్కి జరిపినట్టే. ఇలా చేస్తే పెట్టెలో నిల్వ ఎప్పుడూ కొత్తదే ఉంటుంది, ఒక్క సెల్లు కూడా వృథా కాదు.

ఆ లావు లిథియం బ్యాటరీ గురించి ఒక మాట. 18650 అని రాసి ఉంటుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు, అంతే దాని అర్థం. దానిలో శక్తి చాలా ఎక్కువ, వెలుగూ బాగుంటుంది. కానీ తాళంచెవుల్తో, నాణేలతో కలిపి పడేస్తే రెండు కొసలూ కలిసి నిప్పు పుట్టగలదు. దాని ప్లాస్టిక్ డబ్బీలో తప్ప విడిగా ఉంచకండి. నలుచదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీకీ ఇదే జాగ్రత్త. దాని రెండు కొసలూ ఒకే వైపు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వాటి మీద టేపు ముక్క అంటించి దాచండి. ఈ కారణంగానే అమ్మమ్మల కాలంనాటి బిస్కెట్ రేకుడబ్బా సెల్లులు దాచడానికి పనికిరాదు. ప్లాస్టిక్ డబ్బా వాడండి. మూత బిగుతుగా ఉండి నీళ్ళు చొరనిది అయితే మరీ మంచిది. ఫ్రిజ్‌లో పెట్టే అలవాటుంటే మానేయండి. బయటికి తీయగానే సెల్లు చెమటపట్టి తడుస్తుంది. మన ఇళ్ళలో ఎండ తగలని చల్లటి అర చాలు.

ఇంకో రకం టార్చి ఉంది. గోడ ప్లగ్గులో పెట్టి చార్జి చేసేది. చవకగా దొరుకుతుంది, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. ఇలాంటి వాటిలో చాలావాటి లోపల ఉండేది చిన్న సీసపు బ్యాటరీ, అంటే కారు బ్యాటరీ జాతిదే. దాన్ని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు పేరుకుపోయి మళ్ళీ చార్జి ఎక్కదు. మే నెల కరెంటు కోతల్లో వాడి అలాగే వదిలేస్తే అక్టోబరు తుఫానుకు అది వెలగదు. సీసపు బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాలి. లిథియంది అయితే సగానికి పైన ఉంచి, మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. పవర్‌బ్యాంకుకూ ఇదే పద్ధతి. దాని మీద 10,000 అని పెద్దగా రాసి ఉన్నా, ఫోనుకు చేరేది అందులో సుమారు అరవై శాతమే. ఆ అసలు అంకె కింద చిన్న అక్షరాల్లో వేరే రాసి ఉంటుంది.

"ఫోనులో లైటు ఉంది కదండీ, ఇవన్నీ ఎందుకు" అనే కుర్రాళ్ళున్నారు. తుఫానులో ఫోను మాట్లాడటానికి కావాలి, వంటింట్లో పప్పుడబ్బా వెతకడానికి కాదు. పైగా టవర్లు ఆగిపోయినప్పుడు ఫోను సిగ్నల్ వెతుక్కుంటూ మామూలుకంటే తొందరగా ఖాళీ అవుతుంది. సిగ్నల్ లేదని తెలియగానే దాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూసుకోండి.

ఇన్వర్టరు ఉన్నవాళ్ళ ధీమా ఇంకొకటి. 150 ఆంపియర్-అవర్, 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపి 200 వాట్లు అనుకుంటే, లెక్క ప్రకారం 9 గంటలు, నిజానికి ఆరేడు గంటలు. ఒక రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రికి లేదు. 2024 సెప్టెంబరు ఒకటో తారీఖున విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు ఆ ఒక్క రాత్రి ధీమా కూడా చాలామందికి మిగల్లేదు. మెట్ల కింద, కింది అంతస్తులో పెట్టిన ఇన్వర్టర్లు నీళ్ళలో మునిగాయి. మంచం కింద పెట్టిన పెట్టెలూ అంతే. కాబట్టి మీ సెల్లుల డబ్బా ఎక్కడుండాలన్నది ఇప్పుడే తేల్చుకోండి. నీళ్ళు వస్తే అందని ఎత్తులో ఉండాలి, చీకట్లో స్టూలెక్కకుండా మన చేతికి అందాలి. అటక పనికిరాదు, మంచం కింద పనికిరాదు. గుండెల ఎత్తున ఉండే అల్మారా అర మంచిది.

ఆ డబ్బాలో టార్చిలు ఉంటే వాటిలోంచి సెల్లులు తీసి, కవర్లో చుట్టి, రబ్బరుబ్యాండుతో టార్చికే కట్టి పెట్టండి. ఒక్క టార్చి మాత్రం సెల్లులతో సహా ఎప్పుడూ సిద్ధంగా తలుపు పక్క మేకుకు వేలాడాలి. దానికి రేడియం స్టిక్కరు ముక్క అంటించండి, చీకట్లో అదే దారి చూపిస్తుంది. తీసినవాళ్ళు మళ్ళీ ఆ మేకుకే తగిలించాలి. బావమరిది అడిగినా ఇది ఇవ్వకండి, ఇంకోటి ఇవ్వండి. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్ళు నుదుటికి కట్టుకునే లైటు వాడతారు. ఇంటికి కూడా అలాంటిది ఒకటి ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లికి, పెద్దాయన్ని పట్టుకుని బాత్రూంకు నడిపించే కొడుక్కి దాని విలువ తెలుస్తుంది.

విడిభాగాల సంగతికొస్తే, పాతకాలపు ఇత్తడి టార్చిల్లో చాలావాటికి వెనక మూతలో, స్ప్రింగు లోపల, ఒక అదనపు బల్బు దాచి ఉండేది. ఆ తయారుచేసినవాడి ముందుచూపుకు దండం పెట్టాలి. ఇప్పటి ఎల్‌ఈడీ టార్చికి బల్బు మాడదు, కాబట్టి దానికి కావలసిన విడిభాగాలు వేరు. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు ఊడిపోయి ఉంటే వర్షంలో నీళ్ళు పోతాయి. అలాంటి రింగు ఒకటి అదనంగా ఉంచుకోండి. డబ్బాలో గరుకుకాగితం ముక్క, ఇన్సులేషన్ టేపు, టెస్టరు, మీ ఫోనుకు సరిపడే చార్జింగ్ వైరు, ప్లాస్టిక్ కవర్లో అగ్గిపెట్టె పెట్టండి. పాత ఫ్యూజు బోర్డులున్న ఇళ్ళలో ఫ్యూజువైరు కూడా. అయితే ఇంట్లోకి నీళ్ళొస్తుంటే ముందు మెయిన్ ఆపండి, ఫ్యూజు మరమ్మతు తర్వాత. వీధిలో పడిన తీగ దగ్గరికి టార్చి పట్టుకుని చూడటానికి కూడా వెళ్ళకండి. 1912కి ఫోను చేయండి. ప్రాణాపాయం ఉంటే 112.

కొవ్వొత్తుల గురించి నాకు పెద్ద అభిమానం లేదు. తాటాకు ఇంట్లో, తుఫాను గాలిలో, గ్యాసు బండ పక్కన కొవ్వొత్తి వెలిగించడం కంటే చీకట్లో కూర్చోవడమే మేలు.

సెల్లు బతికుందో లేదో తెలుసుకోవడానికి మల్టీమీటరు ఉంటే మంచిదే. కొత్త ఆల్కలైన్ సెల్లు ఒకటిన్నర వోల్టుల పైన చూపిస్తుంది, ఒక వోల్టుకు దగ్గరపడితే ఇక అయిపోయినట్టే. మీటరు లేకపోతే ఒక తమాషా పరీక్ష ఉంది. ఆల్కలైన్ సెల్లుని బల్ల మీద అంగుళం ఎత్తునుంచి నిలువుగా వదలండి. కొత్తది దబ్ మని నిలబడుతుంది, వాడినది ఎగిరిపడుతుంది. లోపలి జింకు జింక్ ఆక్సైడ్‌గా మారి గట్టిపడటమే కారణం. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2015లో దీన్ని పరీక్షించి చూశారు. సగం ఖర్చయ్యేసరికే బాగా ఎగరడం మొదలవుతుందట. అందుకని ఎగిరితే చచ్చిందని కాదు, కొత్తది కాదని మాత్రమే. మామూలు సెల్లుకు ఈ పరీక్ష పనిచేయదు.

ఇదంతా ఎప్పుడు చూసుకోవాలి? నెలకోసారి అంటే అందరం మర్చిపోతాం. అమావాస్య పెట్టుకోండి. ఆరోజు ఆటోలకీ లారీలకీ నిమ్మకాయలు కడతారు, క్యాలెండరులో ఎలాగూ నల్లచుక్క ఉంటుంది. టార్చి వెలిగించి చూడటానికి చీకటి కూడా కలిసొస్తుంది. ఈ పని ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలకు అప్పగించండి, మనకంటే శ్రద్ధగా చేస్తారు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. నాణెంలా ఉండే బొత్తాం సెల్లుల్ని చంటిపిల్లలకు అందనివ్వకండి. తాళంచెవుల లైట్లలో, బొమ్మల్లో, బరువు తూచే యంత్రాల్లో అవే ఉంటాయి. మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. వాంతి చేయించకండి, అరటిపండు పెట్టి చూద్దాం అనుకోకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఏ సెల్లు మింగాడో దాని కవరు వెంట తీసుకెళ్ళండి.

ఈ కార్యక్రమం అయ్యాక దయచేసి ఒక పని చేయండి. మీ ఇంట్లో టార్చి ఎక్కడుందో వెతికి, మూత విప్పి, స్ప్రింగు చూడండి. చిలుము ఉంటే ఇవాళే రుద్దండి. సెల్లుల మీద తారీఖు దాటి ఉంటే ఇవాళే తెచ్చుకోండి. ఇవాళ వీధి చివర కొట్టు తెరిచే ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రానికి ఆ కొట్లో పెన్సిల్ సెల్లులు మిగలవు.